మూడో శత్రువు ఎప్పుడూ హీలర్ మీదికే ఎందుకు పోతున్నాడు? ఒక కొత్త ట్యాంకు సందేహం

బ్రాడీపేట_డాలు (గుంటూరు), శుక్రవారం రాత్రి 11:20

సభ్యులందరికీ నమస్కారం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో నాలుగు నెలలుగా వారియర్‌ను (యోధుణ్ణి) ఆడుతున్నాను, ప్రస్తుతం 38వ స్థాయిలో ఉన్నాను. మొన్నటిదాకా రెండు చేతుల గొడ్డలితో ఒంటరిగా తిరిగినవాణ్ణి. మా గిల్డ్‌లో (ఆటగాళ్ళ సంఘంలో) డాలు పట్టేవారు ఇద్దరే ఉన్నారని, ఆ ఇద్దరూ పరీక్షల్లో మునిగి ఉన్నారని పెద్దలు అడిగితే కాదనలేక ట్యాంకు పనికి, అంటే ముందు నిలబడి శత్రువుల దెబ్బలన్నీ నా మీదికి తీసుకునే పనికి, ఒప్పుకున్నాను.

నిన్న రాత్రి స్కార్లెట్ మొనాస్టరీలోని కెథీడ్రల్ అనే శత్రువుల స్థావరానికి వెళ్ళి, అయిదుగురం నాలుగుసార్లు చచ్చి, అక్కడి నాయకుడు మోగ్రెయిన్ ముఖం కూడా చూడకుండానే విడిపోయాం. ప్రతిసారీ జరిగింది ఒకటే. ముగ్గురు శత్రువులు వస్తే ఇద్దరు నా దగ్గర నిలబడుతున్నారు, మూడోవాడు నన్ను లెక్కచేయకుండా పక్కనుంచి దాటిపోయి, మా ప్రాణం నింపే హీలర్‌ను పట్టుకుంటున్నాడు. నేను వాడి వెంట పరుగెత్తి, శత్రువును నావైపు తిప్పే టాంట్ వేసి వెనక్కి తెచ్చేలోపు, ఇక్కడ వదిలివచ్చిన ఇద్దరిలో ఒకడు మా మంత్రగాడు మేజ్ మీద పడుతున్నాడు. ఇది నా కవచం బలహీనత వల్ల జరుగుతున్నదా? 40వ స్థాయికి గాని ప్లేట్ కవచం తొడుక్కునే వీలు లేదు కాబట్టి అప్పటిదాకా ఆగితే సరిపోతుందా? పార్టీలో ఒకాయన, నాకు ఈ పని పడదనీ మళ్ళీ గొడ్డలి పట్టుకోమనీ చెప్పి మధ్యలోనే వెళ్ళిపోయారు. ఆయన మాట నిజమేనేమోనన్న అనుమానంతో రాత్రంతా నిద్ర పట్టలేదు.

లక్ష్మీపురం_కత్తి (గుంటూరు), శుక్రవారం రాత్రి 11:41

నేను రోగ్‌ను, అంటే శత్రువును వెనకనుంచి కత్తితో కొట్టేవాణ్ణి, ఆడతాను, కాబట్టి ట్యాంకుల వీపులు చూసీ చూసీ నాకు కొంత అనుభవం వచ్చింది. మీలాంటి కొత్తవారిలో నాకు కనిపించే లోపం భయం. గది వాకిట్లో నిలబడి, ఎవరిని ముందు కొట్టాలో ఆలోచిస్తూ అర నిమిషం గడిపేస్తారు. పద్మవ్యూహంలోకి అభిమన్యుడు దూకినట్టు మధ్యలోకి దూకండి, మిగతాది మేము చూసుకుంటాం. ట్యాంకు కోసం ముప్పావు గంట కాచుకుని, దొరికినవారు నడుస్తూ వెళ్తుంటే ఎవరికి మాత్రం ఓపిక ఉంటుంది?

సత్యనారాయణపురం_సుత్తి (విజయవాడ), శనివారం ఉదయం 6:35

డాలు గారూ, మీ కవచానికీ ఈ కష్టానికీ సంబంధం లేదు. కవచం మీమీద పడిన దెబ్బను తగ్గిస్తుంది. ఆ దెబ్బ మీమీద పడాలా, హీలర్ మీద పడాలా అని తేల్చేది థ్రెట్. ప్రతి శత్రువూ ఒక పద్దుల పుస్తకం పెట్టుకుని, తనతో పోరాడుతున్న ఒక్కొక్కరి పేరు ఎదుట ఒక అంకె రాసుకుంటూ, ఎవరి అంకె పెద్దదైతే వారి మీద పడతాడని ఊహించుకోండి. మీరు ఒక పాయింటు డ్యామేజ్ చేస్తే ఆ పుస్తకంలో మీ పేరు ఎదుట ఒక పాయింటు చేరుతుంది. డిఫెన్సివ్ స్టాన్స్‌లో (రక్షణ భంగిమలో) ఉంటే దానిని 1.3తో హెచ్చిస్తారు, డిఫయన్స్ ట్యాలెంట్‌లో 5 పాయింట్లూ పెట్టినవారికి మరో 1.15తో హెచ్చిస్తారు, రెండూ కలిపితే సుమారు 1.5 అవుతుంది. శత్రువు మీదికి ఛార్జ్ చేయడానికి (దూసుకెళ్ళడానికి) బ్యాటిల్ స్టాన్స్‌లోకి (దాడి భంగిమలోకి) వెళ్ళి అక్కడే మరిచిపోయి ఉండిపోయారా, అదే అంకె 0.8కి పడిపోతుంది. కొత్తవారిలో సగం మంది చేసే పొరపాటు ఇదే కాబట్టి ముందు దానిని చూసుకోండి.

ఇప్పుడు హీలర్ సంగతి. హీలర్ నింపిన ప్రాణంలో సగం థ్రెట్‌గా మారి, పోరాటంలో ఉన్న శత్రువులందరికీ సమానంగా పంచబడుతుంది. అప్పటికే నిండి ఉన్న ప్రాణం మీద పోసిన హీల్‌కు లెక్క లేదు. మీ స్థాయిలో ఒక హీల్ 600 నింపిందనుకుంటే అందులో సగం 300, అది ముగ్గురి పుస్తకాల్లోకీ వందేసి చొప్పున వెళ్తుంది. మీరు మొదటివాడి దగ్గర 500, రెండోవాడి దగ్గర 300 సంపాదించి, మూడోవాణ్ణి ఒక్కసారీ తాకకపోతే, వాడి పుస్తకంలో మీ పేరు ఎదుట దాదాపు సున్నా ఉంటుంది, హీలర్ పేరు ఎదుట 100 ఉంటుంది. వాడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వాడు మిమ్మల్ని లెక్కచేయకపోవడానికి కారణం మీరు వాణ్ణి లెక్కలోకి తీసుకోకపోవడమే.

పెళ్ళి బంతిలో వడ్డించేవారిని గమనించే ఉంటారు. మొదటి విస్తరి దగ్గరే నిలబడి అన్నం, పప్పు, నెయ్యి, అప్పడం అన్నీ ముగించి రెండో విస్తరికి కదిలే మనిషిని మా మేనమామ అయితే చేతిలోని గరిటె లాక్కుని పంపించేస్తాడు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ముందు అందరి విస్తళ్ళలోనూ ఏదో ఒకటి పడాలి, ఆ తరువాతే మారు వడ్డన. మీరు కూడా మొదటివాడికి ఒక సండర్ ఆర్మర్ (శత్రువు కవచాన్ని బలహీనపరిచే దెబ్బ) వేసి, వెంటనే ట్యాబ్ మీట నొక్కి రెండోవాడికి ఒకటి, మళ్ళీ నొక్కి మూడోవాడికి ఒకటి వేసి, అప్పుడు మొదటివాడి దగ్గరికి తిరిగి రండి. సండర్‌కు డ్యామేజ్ లేకపోయినా దానికంటూ స్థిరమైన థ్రెట్ ఉన్నది, మీ కత్తి నాసిరకానిదైనా ఆ అంకె తగ్గదు. మధ్యలో ఒక డీమొరలైజింగ్ షౌట్ వేస్తే చుట్టూ ఉన్న అందరి పుస్తకాల్లోనూ మీ పేరు కొద్దిగానైనా నమోదవుతుంది. థండర్ క్లాప్ కూడా పనికొస్తుంది గాని, క్లాసిక్‌లో దానిని బ్యాటిల్ స్టాన్స్‌లోనే వాడాలి, అదీ నలుగురికి మించి తగలదు. స్టాన్స్ మారిన ప్రతిసారీ కూడబెట్టిన రేజ్ (వారియర్ నైపుణ్యాలకు ఖర్చయ్యే శక్తి) ఎగిరిపోతుంది కాబట్టి ట్యాక్టికల్ మాస్టరీ ట్యాలెంట్ లేకుండా ఆ జోలికి వెళ్ళకండి.

రేజ్ మొదట్లో సున్నా ఉంటుంది కదా, మూడు సండర్లు ఎక్కడినుంచి వస్తాయని మీరు అడగవచ్చు. ఛార్జ్‌తో కొంత వస్తుంది గాని ట్యాక్టికల్ మాస్టరీ లేకపోతే స్టాన్స్ మార్చగానే పోతుంది, కాబట్టి చేరి డిఫెన్సివ్ స్టాన్స్‌లోకి మారిన వెంటనే బ్లడ్‌రేజ్ నొక్కితే 10 అప్పటికప్పుడు, మరో 10 పది సెకన్లలో వస్తాయి. ఈ వరుసను తారుమారు చేయకండి. బ్లడ్‌రేజ్ నొక్కగానే మీరు పోరాటంలో ఉన్నట్టు ఆట లెక్కిస్తుంది, ఆపైన ఛార్జ్ పనిచేయదు.

టాంట్ గురించి ఒక్క మాట. అది పది సెకన్లకు ఒకసారే దొరుకుతుంది. పోరాటం మొదట్లోనే దానిని ఖర్చుపెడితే ఏమీ రాదు, ఎందుకంటే అది మీ అంకెను ప్రస్తుతం పై స్థానంలో ఉన్నవారి అంకెకు సమానం చేసి, శత్రువును మూడు సెకన్లు మీవైపు తిప్పుతుంది. పై స్థానంలో మీరే ఉంటే కలిసేది సున్నా. జారిపోయినవాడి కోసం దానిని దాచి ఉంచండి, ఆ మూడు సెకన్లలో తప్పకుండా ఒక సండర్ వేయండి. లేకపోతే వాడు వచ్చిన దారినే తిరిగి వెళ్తాడు.

కత్తి గారు అభిమన్యుణ్ణి తెచ్చారు. ఆ రోజు కథలో ట్యాంకు పని చేసినవాడు అభిమన్యుడు కాడు, సైంధవుడు. వ్యూహం వాకిట్లో నిలబడి, నలుగురు పాండవులనూ తన ఒక్కడి మీదే ఉంచుకుని, ఒక్కరిని కూడా పక్కనుంచి జారిపోనివ్వలేదు. తెలుగువారు ఆయన పేరును తిట్టుగా వాడుకుంటాం గాని, పనితనం మాత్రం ఒప్పుకోవలసిందే. పైగా కెథీడ్రల్‌లో మీరు లోపలికి దూకకూడదు, వారిని బయటికి రప్పించాలి. అక్కడ మంత్రాలు వేసేవారు దూరంగా నిలబడి వేస్తూ ఉంటారు, మీరు పిలిచినా రారు. విల్లుతోనో తుపాకీతోనో ఒక దెబ్బ వేసి గోడ మలుపు వెనక్కి వెళ్ళండి. మీరు కనపడక వారే నడుచుకుంటూ మీ కాళ్ళ దగ్గరికి వస్తారు.

పటమట_మందులపెట్టె (విజయవాడ), శనివారం మధ్యాహ్నం 2:10

నేను ప్రీస్ట్‌ను, అంటే ఆ మూడోవాడు ఎప్పుడూ వచ్చి పడే మనిషిని. పగలు మందుల దుకాణంలో, రాత్రి ఇక్కడ, రెండుచోట్లా నా పని ఒకటే కావడం వల్ల కాస్త అధికారంతో మాట్లాడుతున్నాను.

సుత్తి గారి లెక్క సరిగ్గానే ఉన్నది గాని, అందులో హీలర్ చేసే తప్పులు రాలేదు. వాటిలో మొదటిది నేనే ఏళ్ళ తరబడి చేశాను. శత్రువు నా మీదికి రాగానే ప్రాణభయంతో వెనక్కి పరుగెత్తేదాన్ని. అలా చేస్తే ట్యాంకు చేతికి వాడు అందడు, పైగా పక్క గదిలో నిద్రపోతున్నవారిని కూడా లేపి తెచ్చేదాన్ని. పరుగెత్తవలసింది ట్యాంకు వైపు. వాణ్ణి తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టి, మన థ్రెట్‌ను కాసేపు తగ్గించే ఫేడ్ నొక్కి, కదలకుండా ఉంటే మిగతా పని ఆయన చేసుకోగలడు. ఇది మీ హీలర్‌కు చెప్పండి, చెప్పడానికి మొహమాటపడకండి.

రెండోది, మీరు ముగ్గురికీ ఒక్కొక్క సండర్ వేసేవరకు మీ హీలర్ ఆగాలి. మీ ప్రాణం సగానికి తగ్గేదాకా చూస్తూ ఊరుకోవడం ఏ హీలర్‌కైనా కష్టమే, చెయ్యి మీట మీదికి దానంతట అదే పోతుంది. అయినా మొదటి అయిదారు సెకన్లు ఆగగలిగితే ఆ తరువాత రెండు నిమిషాలు హాయిగా గడుస్తాయి.

మూడోది చాలామందికి తెలియదు. పవర్ వర్డ్ షీల్డ్ అనే రక్షణ కవచాన్ని పోరాటానికి ముందే వారియర్ మీద వేస్తే ఆయనకు మేలు చేశామనుకుంటాం. వారియర్‌కు దెబ్బ తగిలితేనే రేజ్ వస్తుంది, ఆ షీల్డ్ మింగిన దెబ్బకు రేజ్ రాదు. అంటే ఆయనను కాపాడుతున్నామనుకుని ఆయన చేతులు కట్టేస్తున్నాం. ఆ కోపంతో ఒక ట్యాంకు గారు నాతో మూడు వారాలు మాట్లాడలేదు, కారణం మాత్రం చెప్పలేదు. మీ పార్టీలో ఇది జరుగుతున్నదేమో ఒకసారి కనుక్కోండి.

ఇక మీ నుంచి నాకు కావలసింది చాలా తక్కువ. ముందుకు కదిలే ముందు ఒకసారి వెనక్కి తిరిగి నా మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) చూడండి. నేను కూర్చుని నీళ్ళు తాగుతుంటే ఆగండి. మలుపు తిరిగి గోడ చాటుకు వెళ్ళేటప్పుడు నన్ను దాటి వెళ్ళకండి, గోడ వెనక ఉన్న మనిషికి హీల్ పడదు.

లక్ష్మీపురం_కత్తి (గుంటూరు), శనివారం సాయంత్రం 5:52

సైంధవుడి మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయినా నా అభ్యంతరం అలాగే ఉన్నది. ముగ్గురికీ వడ్డన పూర్తయ్యేదాకా మేము చేతులు కట్టుకుని నిలబడితే మా డ్యామేజ్ సంగతి ఏమిటి? మా గిల్డ్‌లో ఎవరు ఎంత డ్యామేజ్ చేశారో చివర్లో చదివి వినిపిస్తారు, అక్కడ నా పేరు అడుగున ఉంటే వడ్డన గురించి ఎవరూ అడగరు.

సత్యనారాయణపురం_సుత్తి (విజయవాడ), శనివారం రాత్రి 9:05

కత్తి గారూ, మీ బాధ న్యాయమైనదే గాని మీరు అనుకున్నంతసేపు ఆగనక్కరలేదు. పై స్థానంలో ఉన్నవారిని ఒక్క పాయింటు దాటగానే శత్రువు తిరిగిపోడు. దగ్గర నిలబడి కొట్టేవారు ట్యాంకు అంకెకు 110 శాతం దాటాలి, దూరంగా ఉన్నవారు 130 శాతం దాటాలి. ట్యాంకుకు 1000 ఉంటే మీరు 1100 దాకా, మేజ్ 1300 దాకా నిశ్చింతగా వెళ్ళవచ్చు. పైగా రోగ్‌కు ఆటే ఒక రాయితీ ఇచ్చింది. మీరు 1000 డ్యామేజ్ చేస్తే పుస్తకంలో పడేది 710 మాత్రమే. ఇన్ని వెసులుబాట్లు ఉండి కూడా శత్రువు మీ వైపు తిరిగాడంటే, మీరు ట్యాంకు కొడుతున్నవాణ్ణి వదిలి ఇంకొకణ్ణి కొడుతున్నారన్నమాట. అందుకే తలల మీద గుర్తులు పెట్టడం. పుర్రె గుర్తు ఉన్నవాణ్ణి ముందు, ఇంటూ గుర్తు ఉన్నవాణ్ణి తరువాత కొట్టాలి, చంద్రుడి గుర్తు ఉన్నవాణ్ణి మేజ్ గొర్రెగా మార్చి పక్కన పెడతాడు. గుర్తులు పెట్టడానికి రెండు సెకన్లు చాలు.

మీరు నిలబడే చోటు గురించి కూడా అడగవలసి ఉన్నది. శత్రువు ఎదురుగా నిలబడి కొట్టేవారి దెబ్బను అతను కత్తితో అడ్డుకోగలడు, అలా అడ్డుకున్న ప్రతిసారీ అతని తరువాతి దెబ్బ మామూలుకన్నా త్వరగా పడుతుంది. ఆ దెబ్బ తగిలేది ట్యాంకుకు. వెనకనుంచి కొట్టేవారి దెబ్బను అడ్డుకోవడం అతనికి చేతకాదు. అందువల్ల ట్యాంకు శత్రువు ముఖాన్ని గోడవైపు తిప్పి పట్టుకోవడం, మీరు వీపువైపు చేరడం మీ ఇద్దరికీ లాభమే. డ్రాగన్ల దగ్గర మాత్రం ఈ నియమం మారుతుంది. ఒనిక్సియా తలవైపు నిప్పు, తోకవైపు కొరడా దెబ్బ ఉంటాయి కాబట్టి ట్యాంకు తప్ప అందరూ పక్కల్లో నిలబడాలి. ఆమె రెక్కల విసురుకు ఎగిరిపడకుండా ట్యాంకు తన వీపును గోడకు ఆనించి పెట్టుకోవాలి.

నేను ఇది నేర్చుకున్నది 2008లో, గవర్నర్‌పేటలో ఇప్పుడు లేని ఒక నెట్ సెంటర్‌లో. మా ట్యాంకు నా పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. నేను శత్రువు ఎదుటికి వెళ్ళినప్పుడల్లా నోటితో చెప్పకుండా నా మౌస్ తీగను కొద్దిగా లాగేవాడు. ఇప్పటికీ తప్పుచోట నిలబడితే నా చెయ్యి కదిలినట్టే అనిపిస్తుంది.

కృష్ణలంక_తీగ (విజయవాడ), శనివారం రాత్రి 10:30

అందరూ థ్రెట్ గురించి చెప్పారు గాని, డాలు గారు ఏ సర్వర్‌లో ఆడుతున్నారో ఎవరూ అడగలేదు. ఓషియానియా సర్వర్ అయితే అది సిడ్నీలో ఉంటుంది. విజయవాడ నుంచి సిడ్నీకి సూటిగా గీత గీస్తేనే 9,000 కిలోమీటర్లకు పైన, సముద్రగర్భపు తీగలు అలా సూటిగా వెళ్ళవు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, ప్రతి 1,000 కిలోమీటర్లకు వెళ్ళిరావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మీ ఇంట్లో ఎంత ఖరీదైన కనెక్షన్ ఉన్నా 90 మిల్లీసెకన్ల లోపు జవాబు రావడం అసాధ్యం. మా ఇంట్లో 170 నుంచి 200 మధ్య ఉంటుంది.

దానికి భయపడనక్కరలేదు, ఎందుకంటే స్థిరంగా 200 ఉంటే మనసు దానికి అలవాటు పడుతుంది. ఒకసారి 150, మరుక్షణం 600 వస్తేనే ట్యాంకు మునుగుతాడు. వైఫైని వదిలి రౌటర్ నుంచి తీగ లాక్కోండి. మా వీధిలో అందరూ భోజనాలు ముగించి ఫోన్లు పట్టుకునే వేళకు వైఫై ఎగిరెగిరి పడుతుంది, తీగ మాత్రం చలించదు. మరొక విషయం, ఒక నైపుణ్యం పూర్తయ్యేదాకా చూసి తరువాతి మీట నొక్కకండి. ఆటలో స్పెల్ క్యూ విండో అనే అమరిక 400 మిల్లీసెకన్లకు పెట్టి ఉంటుంది, అంటే గడువు ముగియడానికి అంత ముందు నొక్కినా సర్వర్ దానిని వరుసలో ఉంచుకుని సరైన క్షణంలో అమలు చేస్తుంది. దూరపు ఆటగాళ్ళకు ఇది వరం.

వేసవిలో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కంప్యూటర్ ఉంటే చాలదు, రౌటర్ కూడా ఉండాలి. ఈ మాట అనుభవంతో రాస్తున్నాను, ఆ రోజు ఆటలో నాతోపాటు చచ్చిన 39 మంది నన్ను ఇంకా క్షమించలేదు.

మంగళగిరి_గన్‌బ్రేకర్, ఆదివారం ఉదయం 8:15

నేను ఫైనల్ ఫ్యాంటసీ 14 అనే మరో ఆటలో గన్‌బ్రేకర్ అనే ట్యాంకును ఆడతాను కాబట్టి మీ సండర్ల బాధ నాకు లేదు. అక్కడ ట్యాంకు స్టాన్స్ వేసుకుని నాలుగు దెబ్బలు వేస్తే చాలు, శత్రువు ఎటూ పోడు. 2019లో షాడోబ్రింగర్స్ అనే విస్తరణ వచ్చినప్పటినుంచి ఆ స్టాన్స్ వల్ల మన డ్యామేజ్ తగ్గడం కూడా లేదు. అక్కడ కొత్తవారి ఏడుపు వేరు, ఆ స్టాన్స్ వేసుకోవడమే మరిచిపోతారు. చనిపోయి లేచాక అది ఆరిపోయి ఉంటుంది, గమనించకుండా పరుగెత్తుతారు.

డాలు గారికి పనికొచ్చే విషయం ఒకటి ఆ ఆటలో నేర్చుకున్నాను. రక్షణ నైపుణ్యాలను ఒకేసారి గుప్పించకూడదు. ర్యాంపార్ట్ 20 శాతం తగ్గిస్తుంది, రిప్రైజల్ 10 శాతం తగ్గిస్తుంది, రెండూ కలిపి వేస్తే 30 రాదు. వందలో 80 మిగిలితే, ఆ 80లో పదో వంతు పోయి 72 మిగులుతుంది, అంటే తగ్గింది 28. ఈ రెంటికే నష్టం చిన్నదే, మూడూ నాలుగూ కలిపేకొద్దీ అది పెరుగుతుంది. పైగా వాటి గడువు ముగిశాక మీరు వట్టి చేతులతో నిలబడతారు. ఒకదాని వెనక ఒకటిగా పరిస్తే శత్రువులు చచ్చేదాకా ఏదో ఒకటి మీమీద ఉంటుంది. మీ ఆటలో షీల్డ్ వాల్ అనే రక్షణ నైపుణ్యం అరగంటకు ఒకసారి వస్తుందట. దానిని ఎప్పటికో దాచుకునేవారి మీద నాకు జాలి. చచ్చాక అది ఎందుకు?

పటమట_మందులపెట్టె (విజయవాడ), ఆదివారం ఉదయం 11:48

డాలు గారి మొదటి సందేశాన్ని మళ్ళీ చదివాను. మధ్యలో వెళ్ళిపోయిన ఆయన గురించి ఎవరూ మాట్లాడలేదు. డీపీఎస్ (డ్యామేజ్ చేసే పాత్ర) ఆడేవారు తప్పు చేస్తే డ్యామేజ్ కొంత తగ్గుతుంది, అది ఎవరికీ తెలియదు. హీలర్ తప్పు చేస్తే ఒకరు చస్తారు. ట్యాంకు తప్పు చేస్తే అందరూ చస్తారు, అందరూ ఒకే మనిషి వైపు తిరుగుతారు. ఈ ఒక్క కారణంతోనే ఆ పని చేసేవారు అన్ని ఆటల్లోనూ తక్కువ. 2011లో వార్‌క్రాఫ్ట్ తయారీదారులు తక్కువగా దొరికే పాత్రకు అదనపు బహుమతి పెట్టవలసి వచ్చింది, ఆ పాత్ర సాధారణంగా ఏదో మీకు చెప్పనక్కరలేదు. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 అయితే ట్యాంకు, హీలర్ అన్న కట్టుబాటునే పక్కనపెట్టి చూసింది.

నేను ఎన్నో ట్యాంకులను చూశాను. మంచివారు తాము కొడుతున్నవాణ్ణి చూడరు. వారి కళ్ళు ఎప్పుడూ తమ దగ్గర లేనివాణ్ణి వెతుకుతూ ఉంటాయి. తెరమీద కెమెరాను వీలైనంత వెనక్కి లాగండి, శత్రువుల ప్రాణపట్టీలు అందరి తలల మీదా కనపడేలా పెట్టుకోండి. చూపు మారితే మీ చెయ్యి దానంతట అదే మారుతుంది. నాలుగుసార్లు చచ్చినా మర్నాటి రాత్రే కూర్చుని ఇక్కడ అడిగారు కాబట్టి, మీకు ఈ పని పడదన్న మాటను నేను ఒప్పుకోను.

బ్రాడీపేట_డాలు (గుంటూరు), సోమవారం రాత్రి 12:25

అందరికీ కృతజ్ఞతలు. ఈ రాత్రి మళ్ళీ వెళ్ళివచ్చాం.

సుత్తి గారు అనుమానించినట్టే, నేను ఛార్జ్ చేసి బ్యాటిల్ స్టాన్స్‌లోనే ఉండిపోతున్నాను. నాలుగు వైప్‌లలో (అందరం చచ్చిన పోరాటాల్లో) కనీసం రెండింటికి అదే కారణమై ఉంటుంది. మందులపెట్టె అక్క చెప్పినట్టు మా హీలర్‌ను అడిగితే, ప్రతి పోరాటానికి ముందూ షీల్డ్ వేస్తున్నట్టు ఆయన చెప్పారు, అదీ నా మీద ప్రేమతో. ఆపమంటే కాస్త చిన్నబుచ్చుకున్నారు గాని ఆపారు. మొదటి గుంపులోనే తేడా తెలిసింది, మూడు సండర్లకూ రేజ్ సరిపోయింది. విల్లుతో కొట్టి మలుపు వెనక్కి వెళ్తే మంత్రాలు వేసేవారు నిజంగానే నడుచుకుంటూ వచ్చారు. ఒకడు తనవారికి హీల్ వేయబోతే షీల్డ్ బ్యాష్‌తో ఆపగలిగాను. పారిపోయేవాణ్ణి మాత్రం ఒకసారి ఆపలేకపోయాను. చావబోయేముందు పరుగెత్తి, పక్కనున్న ఇద్దరిని వెంటపెట్టుకుని తిరిగివచ్చాడు. శత్రువు నడకను నెమ్మదిపరిచే హ్యామ్‌స్ట్రింగ్ డిఫెన్సివ్ స్టాన్స్‌లో పడదని అప్పుడు గుర్తొచ్చింది. ఆ పని ఇకనుంచి మేజ్‌కు అప్పగించాం, ఆయన మంచుతో కాళ్ళు కట్టేస్తున్నారు.

మోగ్రెయిన్‌ను కదిపితే ఆ హాలులో మిగిలినవారందరూ ఒక్కసారిగా వస్తారని మాకు తెలియదు. ఎడమవైపు బల్లల వెనక నలుగురిని వదిలేశాం, దానితో ఒక వైప్ అయింది. రెండోసారి హాలంతా శుభ్రం చేసి వెళ్ళి ఆయనను పడగొట్టాం. ఆ తరువాత అక్కడి నాయకురాలు వైట్‌మేన్ వచ్చింది, ఆమె ప్రాణం సగానికి తగ్గగానే అందరినీ నిద్రపుచ్చి ఆయనను మళ్ళీ లేపింది. మేము కళ్ళు తెరిచేసరికి ఆయన మా హీలర్ దగ్గర ఉన్నాడు. అప్పటికి అందరి మానా అయిపోయి అక్కడే చచ్చాం. రాత్రి పన్నెండు కావడంతో ఆపేశాం. అక్కడ ఎవరిని పట్టుకోవాలి, ఎవరిని ముందు కొట్టాలి?

సత్యనారాయణపురం_సుత్తి (విజయవాడ), సోమవారం ఉదయం 6:20

టాంట్‌ను వైట్‌మేన్ మీద ఖర్చుపెట్టకండి. ఆమె ప్రాణం సగానికి దగ్గరపడుతున్నప్పటినుంచే దానిని సిద్ధంగా ఉంచుకుని, నిద్రనుంచి లేవగానే మోగ్రెయిన్ మీద వేయండి, వెంటనే సండర్. పుర్రె గుర్తు మాత్రం వైట్‌మేన్ తల మీదే ఉండాలి, ఎందుకంటే హీల్ వేసేది ఆమె, ఆమె ఉండగా ఆయనను కొట్టడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. షీల్డ్ బ్యాష్‌ను ఆమె హీల్ కోసం దాచండి. షీల్డ్ వాల్ విషయంలో గన్‌బ్రేకర్ గారు చెప్పింది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఇద్దరూ లేచి నిలబడిన ఆ క్షణమే దానిని వాడవలసిన సమయం.

పటమట_మందులపెట్టె (విజయవాడ), సోమవారం మధ్యాహ్నం 1:32

మోగ్రెయిన్ పడిపోయాక వైట్‌మేన్ మీద అందరూ ఒక్కసారిగా విరుచుకుపడకుండా, మీ హీలర్‌కు మానా ఎంత మిగిలిందో చూసుకుని నెమ్మదిగా తగ్గించండి. సగానికి వచ్చేసరికి మీ హీలర్ దగ్గర కనీసం మూడో వంతు మానా, ఒక పోషన్ ఉండాలి. బుధవారం మా దుకాణానికి సెలవు. మీ హీలర్‌కు అభ్యంతరం లేకపోతే రాత్రి 9 గంటలకు నేను వస్తాను, నా ప్రీస్ట్ ఇప్పుడు 41లో ఉన్నది. డీపీఎస్‌లో ఒక ఖాళీ ఉంటే ఆయననే షాడో ప్రీస్ట్‌గా (డ్యామేజ్ చేసే ప్రీస్ట్‌గా) రమ్మనండి, చిన్నబుచ్చుకోవడం కూడా తీరుతుంది.

లక్ష్మీపురం_కత్తి (గుంటూరు), సోమవారం సాయంత్రం 6:04

బుధవారం నేనూ వస్తాను, 40వ స్థాయిలో ఒక రోగ్ ఖాళీగా ఉన్నాడు. శత్రువు వీపువైపే నిలబడతాను, పుర్రె గుర్తు తప్ప వేరేవాణ్ణి తాకను, డాలు గారి మూడు సండర్లూ లెక్కపెట్టుకునే కదులుతాను. నాలుగోది వేస్తే మాత్రం ఆగను.